చక్రాల మీద ఇల్లు, నీళ్ల నడుమ సీమ

కోనసీమా! ఎడమచేత గౌతమిని, కుడిచేత వశిష్ఠను పట్టుకుని, వైనతేయను ఒడిలో నిదురపుచ్చి, పాదాలు రెండూ బంగాళాఖాతంలోకి జారవిడిచి కూర్చున్న పచ్చని తల్లీ! నీటికోటలో కొలువున్నదానా, నీరెండను నేతచీరగా చుట్టుకున్నదానా! నీ కొబ్బరాకుల గలగలకు నా చెవులు తెరుచుకున్నాయి. నీ కాలువల తళతళకు నా కళ్లు తెరుచుకున్నాయి. నీ ఒండ్రుమట్టి తడికి నా పాదాలు మేలుకున్నాయి. నిన్ను విడిచి వెళ్లినవాణ్ని, ఏ రాత్రీ నిన్ను తలచుకోకుండా కళ్లు మూయనివాణ్ని. ఈ నాలుగు మాటలూ నీకు నైవేద్యం.

మేముండేది గడ్డిఅన్నారం. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్... ఈ వీధుల్లో ఎన్ని మేడలెక్కినా నీ పేరు చెబితే తలుపు తీసి మంచినీళ్లిచ్చేవాళ్లు కనిపిస్తారు. కొలువుల కోసం, పిల్లల చదువుల కోసం నీ వాకిళ్లు వదిలి వచ్చి వాటాల్లో ఒదిగినవాళ్లం. నాది తపాలా శాఖ, మా ఆవిడది బడి. ఉత్తరాలు వేరుచేసే బల్ల ముందు అమలాపురం, అంబాజీపేట, రాజోలు అన్న ముద్ర కంటబడితే నా చెయ్యి ఒక్క క్షణం ఆగేది. మా వీధికి దగ్గర్లోనే పళ్ల మార్కెట్ ఉండేది. వేసవి తెల్లవారుజామున లారీలు మామిడి దించుతుంటే ఆ వాసన మేడ మెట్లెక్కి మా పడకగదిలోకి వచ్చేది. కళ్లు మూసుకుంటే అది మా దొడ్డే. 2021లో మార్కెట్ బాటసింగారం తరలిపోయింది. దానితో ఆ వాసనా వెళ్లిపోయింది. ఇక మిగిలింది సరూర్‌నగర్ చెరువు గట్టు. సాయంత్రాలు అక్కడ నిలబడి, నీటి మీదుగా వచ్చే ఆ కాస్త గాలిలో నిన్ను వెతుక్కునేవాళ్లం.

నీ దగ్గర మాకు ఇల్లు లేదు. అమ్మానాన్నా వెళ్లిపోయాక మండువా లోగిలి పంపకాలకు వచ్చింది. పంపకాలు అమ్మకానికి వచ్చాయి. ఆ తర్వాత నీ దగ్గరికి వచ్చిందంతా పెళ్లికో, పరామర్శకో. పొద్దున్న దిగడం, రాత్రి బస్సెక్కడం. గోదారి గట్టున గదులున్నాయని, నాలుగు రోజులుండి వద్దామని నేనంటే మా ఆవిడ ఒప్పుకునేది కాదు. “మన ఊళ్లో మనం అద్దెగదిలో పడుకోవడమేమిటండీ?” అనేది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇద్దరి ఉద్యోగ విరమణా అయిపోయాక, పిల్లలు వాళ్ల సంసారాల్లో పడ్డాక, జవాబు చక్రాల మీద వచ్చి మా వీధి మొదట్లో ఆగింది.

దాన్ని కారవాన్ అంటున్నారు. మా మనవడు ఇంటిబండి అన్నాడు. లోపల ఇద్దరికి సరిపడా పరుపు, ఒక పొయ్యి, నీళ్ల ట్యాంకు, మూల చిన్న స్నానాలగది, కిటికీకి తెర. మా ఆవిడ అందులోకి తులసికుండీ ఎక్కించింది, కొబ్బరికోరు ఎక్కించింది, మా అత్తగారి నాటి ఇత్తడి చెంబు ఎక్కించింది. ముప్పయ్యేళ్ల కాపురాన్ని ఒక బండిలోకి సర్దుతున్న ఆ చేతుల్లో, మొదటిసారి కాపురానికి వచ్చిన పిల్ల కంగారు చూశాను. ఆమె తలుపు దగ్గర పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టింది. ఆ బొట్టుతో అది బండి కాకుండా పోయింది; మా ఇల్లయింది.

భోగికి ముందే, పండగ రద్దీ ఎల్బీనగర్ కూడలిని ముంచెత్తకముందే బయల్దేరాం. హయత్‌నగర్, చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ ఒక్కటొక్కటిగా వెనక్కి జరిగాయి. బెజవాడ దాటాక గాలిలో చెమ్మ తగిలింది. ఏలూరు, తాడేపల్లిగూడెం, తణుకు దాటేసరికి మా ఆవిడ మాట్లాడటం మానేసింది. ఆమె నీకోసం చూస్తోందని నాకు తెలుసు.

సిద్ధాంతం వంతెన. వశిష్ఠ! ఎంత వెడల్పు, ఎంత వెలుగు, ఎంత నెమ్మది! పుష్యమాసపు పొగమంచు పలచబడుతుంటే, ఇసుకతిన్నెల నడుమ నీలంగా, నిండుగా, నిశ్చింతగా నడుస్తున్న నది. ఒకప్పుడు ఇక్కడికి ఎవరొచ్చినా నీటి అనుమతి అడిగే రావాలి. రేవులో నిలబడాలి, పడవ కోసం కేకెయ్యాలి, సరంగు దయ కోసం చూడాలి, వరదొస్తే వారాల తరబడి ఆగాలి. రథమైనా, రాజైనా, పెళ్లికూతురైనా, పురిటికొచ్చిన ఆడపిల్లైనా నీ గుమ్మంలో కాళ్లు కడుక్కునే లోపలికి వచ్చేవారు. ఇప్పుడు సిద్ధాంతం దగ్గర, జొన్నాడ దగ్గర, చించినాడ దగ్గర, యానాం–యెదుర్లంక దగ్గర వంతెనలు నీ చేతులకు గాజులయ్యాయి. అయినా నువ్వు దీవివే. వంతెన మీద మాట ఆగుతుంది, చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది, రూపాయి బిళ్ల నదిలోకి ఎగురుతుంది. మా ఆవిడ కిటికీ తెర తీసి రెండు చేతులూ జోడించింది. ఆమె చెంపల మీద వెలుగు తడిగా ఉంది.

రావులపాలెం నీ వీధి గుమ్మం. గుమ్మంలోనే గెలలు! చక్రకేళి, కర్పూర, అమృతపాణి, బొంత. పచ్చవి, పసుపువి, లారీల మీద కొండలుగా, సైకిళ్ల మీద దండలుగా. అక్కడినుంచి దారి కాలువను పట్టుకుంది. కాలువ పక్కన రోడ్డు, రోడ్డు పక్కన బోదె, బోదె పక్కన చేను, చేను గట్టున కొబ్బరి, కొబ్బరి కింద అరటి, అరటి నీడన కంద, కంద పక్కన పసుపు. అంగుళం నేల ఖాళీగా ఉంటే నీకు తోచదు కాబోలు. పచ్చల్లో ఎన్ని పచ్చలమ్మా నీకు! దాళ్వా నారుమడి పచ్చ లేతగా, తమలపాకు పచ్చ నిగనిగగా, అరటి పచ్చ వెడల్పుగా, కొబ్బరి పచ్చ గంభీరంగా, గుర్రపుడెక్క పచ్చ చిలిపిగా.

మా బండి తోలే కుర్రాడిది నల్లగొండ జిల్లా. భూమిలోని ఫ్లోరైడు నీళ్లకు ఎముకలు వంగిపోయిన మనుషుల్ని చిన్నప్పటినుంచీ చూసినవాడు. పల్లె పల్లెకీ, వాకిలి వాకిలికీ నీళ్లు తోడు నడుస్తుంటే బండి ఆపి దిగాడు. “సార్, గిన్ని నీళ్లు ఎక్కడికెళ్లి వస్తున్నయ్?” అన్నాడు. కాలువలోకి వంగి, దోసిలి నింపి, ముఖం మీద చల్లుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు. నీకు నమస్కరించడానికి నేనెన్ని మాటలు వెతుక్కున్నానో, ఆ పిల్లాడి తడి ముఖం ముందు అవన్నీ చిన్నబోయాయి.

అతనికి గన్నవరం చూపించాను. నది మీద కాలువ నడిచే చోటది. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లను, కింద వైనతేయ పారుతుంటే దాని నెత్తిమీదుగా కమానుల వరుస మీద నడిపించి, ఆవలి లంకభూములకు అందించిన కట్టడం. కాటన్ దొర కాలపు ఆ పాత అక్విడక్టు ముదుసలి తాతలా పక్కన నిలబడే ఉంది. పని చేస్తున్న కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఎంత తగిన పేరు! 1841 నుంచి 1909 దాకా బతికిన ఆ తల్లి, లంకల గన్నవరంలో, ఏ వేళ ఎవరొచ్చి గుమ్మంలో నిలబడినా కులం అడక్కుండా, వేళ చూడకుండా విస్తరి వేసింది. రేవు దాటి ఆకలితో వచ్చిన బాటసారికి ఆ ఇంటి దీపమే దిక్కు. నీళ్లు మోసే వంతెనకు అన్నం పెట్టిన తల్లి పేరు. కోనసీమా, నీ మర్యాదలన్నిటిలోకీ ఇది నాకు మహా ఇష్టం.

మరి మా ఊరు? ముక్కామల దారిలో మలుపు తిరుగుతుంటే గుండె ముందే దిగిపోయింది. లోగిలి లేదు. దాని స్థానంలో శ్లాబు మేడ, గేటుకి వెండిరంగు. కానీ పెరట్లో నుయ్యి ఉంది! గిలక ఉంది! మేం గేటు బయట నిలబడి చూస్తుంటే ఇంటావిడ వచ్చింది.

“ఏ ఊరండీ మీది?”

“ఈ ఊరేనండి,” అన్నాను. అనేసరికి గొంతు నా మాట వినలేదు.

“ఎవరి తాలూకండీ?”

మా ఇంటిపేరు చెప్పాను. ఆవిడ గబగబా గేటు తీసింది. “ఆయ్, రండి రండి! నూతిలో నీళ్లు మీ నాన్నగారి పేరు చెప్పుకునే తోడుకుంటామండి మేము.” మా ఆవిడ చేద వేసింది. గిలక కిర్రుమంది. అదే కిర్రు! అమ్మ తెల్లవారుజామున తోడే నీళ్ల చప్పుడు, మడిబట్టల చప్పుడు, నా బాల్యమంతా ఆ ఇనుప గొంతులో కదిలి పైకి వచ్చింది. ఇల్లు అమ్ముకోవచ్చు; ఆ చప్పుడు ఏ దస్తావేజుకూ లొంగలేదు.

బండి ఎక్కడ పెట్టుకోవాలో మేం అడగలేదు. పక్కింటాయనే చెప్పాడు. “మా చెట్ల కింద పెట్టుకోండి. కాయలు రాలతాయండి, కాస్త ఇవతలికి పెట్టించండి.” ఆ రాత్రి మా ఊళ్లో, మా నేల మీద, మా ఇంట్లో మేం పడుకున్నాం. ఆహా, ఆ రాత్రి! కిటికీలో కొబ్బరాకుల మీంచి వెన్నెల జాలువారింది. ఆకుల చాటున పొడిచి, ఆకుల చాటున అణిగి, ఆకుల ఈనెలన్నిటినీ వెండిగా దువ్వింది. బోదెలో కప్పలు, దూరాన గుడిగంట, ఇంకా దూరాన ఏ గూడు చాటునో పేరు తెలియని పిట్ట. ఎక్కడో ఒక కాయ రాలింది, నేల దాన్ని అందుకుంది. “నిద్రపోయారా?” అంది మా ఆవిడ. “లేదు.” “నేనూ లేదు.” అంతకుమించి మాటలు అవసరపడలేదు. పొద్దున్నే పక్కింటివారు పనసపొట్టు కొట్టి పంపారు. ఆవపెట్టిన ఆ కూర బండిలోని చిన్న పొయ్యి మీద ఉడుకుతుంటే పొగలో పండగ వాసన వేసింది.

కనుమనాడు జగ్గన్నతోటకు వెళ్లాం. ఈ ఘట్టం చెప్పడానికి నాకు వెయ్యి నాలుకలు కావాలి! అక్కడ గుడి లేదు, గోపురం లేదు, గర్భాలయం లేదు. కొబ్బరితోట, ఆకాశం, అంతే. ఆ తోటకు ఏకాదశ రుద్రులు, పదకొండు ఊళ్ల శివుళ్లు, తమ తమ గుళ్లు వదిలి ఒకరినొకరు చూసుకోవడానికి వస్తారు. వెదురుతో విల్లులా వంచి, రంగురంగుల బట్టలు చుట్టి, గంటలు కట్టి, వరికంకులు, నెమలీకలు, పూదండలు వేలాడదీసిన మహోన్నతమైన ప్రభలు! ఒక్కొక్క ప్రభ నడుమ ఒక్కొక్క దేవుడు. ఒక్కొక్క దేవుడి కింద ఊరి భుజాలన్నీ. “శరభ శరభ” అన్న కేక పొలాల మీదుగా ఉరుముతుంది. దారి లేని చోట చేనే దారి. నాటు వేసిన పచ్చని మడిని తొక్కుకుంటూ దేవుడు నడుస్తుంటే రైతు గట్టున నిలబడి దండం పెడతాడు. తన చేలో స్వామి అడుగు పడిందని పొంగిపోతాడు.

గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక దాటే క్షణం ఉంది చూశారూ! నీళ్లు నడుములకొచ్చాయి, గుండెలకొచ్చాయి. మోసేవాళ్ల మెడనరాలు తాళ్లలా బిగిశాయి. ప్రభ ఒక్కసారి వాలింది, వేలమంది ఊపిరి వాలింది. ప్రభ లేచింది, వేలమంది గొంతు లేచింది. నీళ్లలో తలకిందులుగా మరో ప్రభ వణుకుతూ వచ్చింది. 2023లో ఢిల్లీ గణతంత్ర కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఈ ప్రభలే ఊరేగాయని టీవీలో చూసి మురిసిపోయాం గాని, కౌశిక నీళ్లు చిమ్మి చొక్కా తడిస్తేనే అది ప్రభల తీర్థం. మా ఊరి శివుడు ముక్కామల నుంచి వచ్చాడు. ఆయనకూ ఆ వేళ అది సొంత ఇల్లు కాదు. బయట, చెట్ల కింద, చుట్టాల మధ్య, కదిలే పీఠం మీద కూర్చున్నాడు. మా బండి గుర్తొచ్చింది. మా ఆవిడ నా వైపు చూసింది. ఆమెకూ అదే తోచింది.

నిన్ను పొగడటమంటే నీ గాయాలు దాచడం కాదమ్మా. 1995 జనవరిలో పాశర్లపూడిలో నీ కడుపులోంచి నిప్పు ఎగజిమ్మి రెండు నెలలకు పైగా ఆరలేదు. ఆ మరుసటి ఏడాది, 1996 నవంబరు 6 రాత్రి, గాలి నీ మీద పడి వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. లక్షల చెట్లు! పసిబిడ్డల్లా పెంచిన చెట్లు, పెళ్లిళ్లకు ఆసరా అయిన చెట్లు, ఒకే దిక్కుకు తలలు పెట్టి వరుసగా పడుకున్నాయి. గడ్డిఅన్నారంలో ఆ రోజుల్లో ఏ టెలిఫోను బూత్ దగ్గర చూసినా నీ బిడ్డలే నిలబడి ఉన్నారు. అవతలి గొంతు లేక, పెట్టెయ్యలేక, రిసీవరు పట్టుకుని ఏడ్చారు. 2011లో గిట్టుబాటు కాక నీ రైతులు సార్వాకే సెలవు పెట్టారు. అన్నం పెట్టే చెయ్యి అలిగితే ఎలా ఉంటుందో దేశం అప్పుడు చూసింది. అయినా తల్లీ, పడిన చెట్టు పక్కనే మొక్క నాటావు. ఆ మొక్కలే ఇప్పుడు మా బండికి నీడపట్టాయి.

అంబాజీపేటలో పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు తిన్నాం. కొబ్బరి కొట్ల ముందు కురిడీ రాశుల తీపివాసన పీల్చాం. అప్పనపల్లిలో బాలబాలాజీని, అయినవిల్లిలో గణపతిని దర్శించాం. మామిడికుదురు మీదుగా వెళ్తూ, గుడిసెల గోడు పాడి 1975లో సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్న బోయి భీమన్న పుట్టిన ఊరని బండి నెమ్మది చేయించాను. తంపటి వేసిన తేగలు చీల్చుకుంటూ, లోపలి చందమామ దాచి దాచి తింటూ, దిండి గట్టున ఒక సాయంత్రమంతా కూర్చున్నాం. ఎదురుగా వశిష్ఠ, ఆవల చించినాడ, మధ్య వంతెన మీద చీమల్లా దీపాలు. పులసకిది కాలం కాదు. దానికి శ్రావణం రావాలి, గోదారి ఎర్రబడాలి. ఉన్నదానితోనే నిండిపోయాం.

అంతర్వేదిలో భూమి అయిపోయింది. నది కూడా అయిపోయింది. అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర వశిష్ఠ సాగరంలోకి నడిచి వెళ్తుంటే ఏది తీపి, ఏది ఉప్పు? ఎక్కడ నాసికాత్ర్యంబకం, ఎక్కడ ఈ ఇసుక! అంత దూరం నడిచిన నది చివరి అడుగు ఇంత మెత్తగా వేస్తుందా! లక్ష్మీనరసింహుడి గుడిముందు కొత్త తేరు నిలబడి ఉంది. 2020 సెప్టెంబరులో పాత రథం కాలిపోయినప్పుడు నీ జనమంతా ఇంట్లో మనిషి పోయినట్టు దుఃఖించారు. 2021లో మళ్లీ తేరు చేసి భీష్మ ఏకాదశికి లాగారు.

చివరిది సఖినేటిపల్లి రేవు. అది మా ఆవిడ పుట్టిన ఊరు. నరసాపురం వైఎన్ కళాశాలకు పుస్తకాలు గుండెకు హత్తుకుని రోజూ ఈ రేవు దాటిన పిల్ల ఆమె. ముసురులో, ఎండలో, పొగమంచులో, ఓణీ చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుని దాటిన పిల్ల. రోడ్డు మీదుగా చించినాడ వంతెనెక్కి పోవచ్చు. ఆమె ఒప్పుకోలేదు. “నేను నీళ్ల మీద నుంచే వెళ్తాను,” అంది. మోటారుసైకిళ్లు, కూరల గంపలు, ఒక పెళ్లివారి కారు ఎక్కాక, రేవు దాటించే పంటు వాళ్లు మా ఇంటిని ఎక్కించారు. పలకలు కిర్రుమన్నాయి. తాడు విప్పారు. ఇంజను దడదడలాడింది. మా ఇల్లు గోదారి మీద తేలింది!

కోనసీమా, ఆ కాసేపట్లో నువ్వు మాకేమేం ఇవ్వలేదు? మంచం మీద కూర్చుంటే కిటికీలో నది. తులసికుండీ వెనక నది. పొయ్యి పక్కన నది. ఆమె తలుపు తెరిచి మెట్టు మీద కూర్చుంది, చెయ్యి చాపి నీళ్లందుకోబోయింది, అందలేదు, నవ్వింది. ఆ నవ్వుకు పద్దెనిమిదేళ్లు. జుట్టులో తెలుపు గాలికి ఎగురుతోంది, వెనక నీ గట్టు మీద కొబ్బరులన్నీ తలలూపుతున్నాయి. ఎన్నిసార్లు దాటినా అప్పుడు మీరు లేరండీ, అంది. ఇన్నాళ్లూ ఆమె ఒంటరిగా దాటిన నదిని ఇవాళ నాతో దాటింది. నా కొలువులో చేతులు మారిన ఏ ఉత్తరంలోనూ ఇంత మంచి కబురు లేదు.

సొంత ఊళ్లో ఇల్లు మిగల్లేదని వెళ్లడం మానేసిన వాళ్లు మా గడ్డిఅన్నారంలో, మీ వీధుల్లో ఎందరో ఉన్నారు. మీకోసమే రాస్తున్నాను. బండి లేకపోతే బస్సుంది. కొబ్బరిచెట్టు కింద మడతమంచం వేసుకోమనే మనుషులు ఇంకా ఉన్నారు. మోకాళ్లు మాట వింటున్నప్పుడే బయల్దేరండి, ఇద్దరూ కలిసి బయల్దేరండి. సఖినేటిపల్లి, నరసాపురం రేవుల మధ్య పంటు ఇప్పటికీ నడుస్తోంది. వరద రోజుల్లో ఆపేస్తారు. పుష్య మాఘాల్లో నది నెమ్మదిగా ఉంటుంది.